ఆముదం తాగే ఎర్ర కారు

మహబూబ్‌నగర్ స్టేషను రోడ్డులో మోటారు షెడ్డు పెట్టుకొని బతికే నాకు యాత్రలంటే మోజు లేదు. బండి ఎక్కడ ఆగిపోతే అక్కడికి పోవడమే నా తీర్థయాత్ర. అటువంటివాణ్ణి ఈ ప్రయాణం పెట్టుకున్నది ఒక కారు కోసం. కొల్లాపూర్‌కు అవతల, కృష్ణా నది దిక్కున ఒక దొర కోటలాంటి గడిలో ఇటలీ దేశపు పందెం కారు ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆ దొర వయసులో ఉండగా బొంబాయిలో ఒక తెల్లవాని దగ్గర కొన్నాడట. ఇప్పుడు జాగీర్లు పోయాయి, దొరకు చూపు పోయింది. కారును పట్నంలో ఒక కంట్రాక్టరు సేటుకు అమ్మేశాడు. సోమవారం సాయంత్రంలోగా కారు తన కాంపౌండులో ఉండాలి, లేకుంటే బేరం లేదని సేటు షరతు. నడిపి తీసుకుపోవడానికి మేస్త్రీ కావాలని కబురు వస్తే కిరాయి సంగతి కూడా అడగకుండా ఒప్పుకున్నాను. అడగనందుకు మా ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

శుక్రవారం పొద్దున ఏడు గంటల బస్సెక్కాను. బిజినేపల్లి దాకా నిలబడే పోయాను. తర్వాత దొరికిన సీటు పక్కన ఒక అవ్వ, ఆమె కాళ్ళ దగ్గర గంపలో కోళ్ళు.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"కొల్లాపూర్ దిక్కు అవ్వా, కారు నడపనీకె."

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "కారుంటె గీ బస్సుల ఎందుకు సస్తున్నవ్ మరి?"

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి, కొల్లాపూర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సు దిగినచోట జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. రొట్టె బాగుంది, చాయ్ మాత్రం ఎవరూ తాగకండి. అక్కడి నుంచి గడికి ఎడ్లబండి. నా కోసం బండి తోలుకొచ్చినవాడు సాయన్న.

సాయన్నకు యాభై దాటి ఉంటాయి. దొర దగ్గర ఇరవై ఏళ్ళుగా మోటార్ల పని చూస్తున్నాడు. దొర ఊళ్ళు తిరిగే పెద్ద కారుకు అతనే డ్రైవరు. దాన్ని ఎప్పుడో అమ్మేశారు. మనిషి సన్నగా, గట్టిగా ఉంటాడు. ఎడమ మోచేతి చుట్టూ చర్మం నున్నగా మెరుస్తోంది. ఎందుకో కారు చూశాక తెలిసింది.

కారు గడి వెనక గుర్రాల కొట్టంలో ఉంది. గుర్రాలు పోయినా వాటి వాసన పోలేదు. సాయన్న గోనెపట్టా లాగాడు. ఎర్రరంగు వెలిసి ఇటుకరంగుకు వచ్చింది. పైకప్పు లేదు, తలుపులు లేవు, ఎదురుగాలికి అరచేతి వెడల్పు అద్దం ఒక్కటి. ముందంతా ఇంజనే. ఇంజను పోను మిగిలిన జాగాలో రెండు సీట్లు ఇరికించారు. కుడివైపుది నడిపేవాడిది. ఎడమవైపుది, నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి పెట్టింది, పంపు కొట్టేవాడిది. పెట్రోలు ట్యాంకు వెనక ఉంది. ఆ ఎడమ సీటులో కూర్చున్నవాడు చేత్తో గాలిపంపు కొడుతూ ఉంటేనే పెట్రోలు ఇంజన్‌కు చేరుతుంది. పొగగొట్టం ఆ పక్క నుంచే, అతని మోచేతి కింద నుంచే పోతుంది.

ఈ ఇంజన్లో పోసేది ఆముదం. నవ్వకండి. ఆ కాలపు పందెం ఇంజన్లకు అదే పథ్యం. మామూలు ఇంజనాయిలు ఆ వేడికి నీళ్ళైపోతుంది, పోనీ రెండూ కలుపుదామంటే విరిగి బంకయిపోతాయి. అదీ గానుగలో పచ్చిగా ఆడించిన ఆముదమే కావాలి. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి ఇళ్ళలో తీసే వంటాముదంలో తడి ఉంటుంది, అది పనికిరాదు. తక్కిన దేశాల్లో ఇటువంటి కార్లున్నవాళ్ళు ఏం తిప్పలు పడ్డారో గానీ మా పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదానికేం కొదువ! ఒకప్పుడు రైతులు వెట్టికింద కడవలతో తెచ్చి పోసేవారట. ఇప్పుడు సాయన్న కొని తెస్తున్నాడు. మా దారికి రెండు డబ్బాలు సిద్ధం చేశాడు.

శనివారం తెల్లారగానే సాయన్న మూడు రాళ్ళ పొయ్యి మీద ఆముదం గోరువెచ్చగా కాచి ఇంజన్లో పోశాడు. ఊరివాళ్ళు నలుగురు కారును తోశారు. మొదట దగ్గింది, తర్వాత తెల్లటి పొగ ఎగజిమ్మింది, ఆపైన ఒక్క అరుపు అరిచింది. గడి గోడల మీది పావురాలన్నీ లేచిపోయాయి. దొర మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కళ్ళు కారు మీద లేవు, చెవి మాత్రం ఇటే ఉంది.

"మేస్త్రీ, బండి నువ్వే నడుపాలె. సాయిగాడు పంపు కొడ్తడు," అన్నాడు. ఇంకేం చెప్పకుండా గోడ పట్టుకొని లోపలికి పోయాడు. ఊరి పొలిమేర దాటేదాకా సాయన్న చెప్పులు చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు.

ఇక నడపడం సంగతి. చాలా బండ్లు నడిపినవాణ్ణని నాకు కొంచెం గర్వం. మొదటి మైలులోనే అది వదిలింది. ఈ కారులో తొక్కుడు మీటలు మూడూ ఉన్నాయి గానీ తారుమారుగా ఉన్నాయి. వేగం పెంచేది నడుమ, బ్రేకు కుడి కొసన. ఎదురుగా వడ్లబండి రాగానే అలవాటుకొద్దీ నడిమిది తొక్కాను. ఆగవలసిన కారు దూకింది. ఎడ్లు చేలోకి, బండివాడు నా వంశంలోకి దిగారు. సాయన్న నా మోకాలు పట్టి కుడికి నెట్టాడు, లేకుంటే ఈ వ్రాత ఉండేది కాదు. గేర్లు కూడా అంతే, రెండుసార్లు క్లచ్చి తొక్కి, నడుమ ఇంజన్‌ను ఒకసారి అరిపించి, అప్పుడు వేస్తేనే పడతాయి. తప్పితే ఇనుము నమిలిన చప్పుడు. మెల్లగా పోతే చక్రం తిప్పడానికి భుజాలు పడిపోతాయి. వేగం అందుకుంటే రెండు వేళ్ళు చాలు.

నాగర్‌కర్నూల్‌లో పెట్రోలు పోయించాము. జనం గుమిగూడారు. సాయన్న నన్ను పక్కకు పిలిచాడు.

"ఉస్తాద్, ఒక్క ముచ్చట అడుగుత. ఇరవై ఏండ్ల సంది గీ పంపు కొట్టిన. ఒక్కపారన్న గా సీట్ల కూసోలె. పట్నం చేరేలోపట ఒక్కపారి నన్ను నడపనిస్తవా?"

"పెద్ద కారు నీ చేతికే ఇచ్చిండు గద దొర!"

"గది బండి. గిది దొర పానం. తాను పక్కన ఉంటనే గా సీటు దులుపనిచ్చేటోడు."

"ఇప్పుడే కూసో. నేను పంపు కొడ్త."

"వద్దు వద్దు. గీ దిక్కంత నేను ఎరుకే. సాయిగాడు దొర సీట్ల కూసున్నడని మాపటికల్ల ఆయినె చెవిల వడ్తది. కండ్లు పోయి మూలకు కూసున్నోనికి గిదొక్కటి ఎందుకు? నల్లగొండ మీదికెల్లి పోదం. నార్కట్‌పల్లి దాటినంక బెజవాడ సడక్, సక్కటి తారు రోడ్డు. ఆడ నన్నెవ్వలెరుగరు."

జడ్చర్ల మీదుగా పోతే దగ్గర. అయినా సరేనన్నాను. అతని మీద జాలి కొంత, తారు రోడ్డు మీద నా ఆశ కొంత. శనివారం రాత్రికి దేవరకొండ, ఆదివారం నల్లగొండ మీదుగా సాయంత్రానికి పట్నం అని లెక్క వేసుకున్నాము.

ఆ లెక్క కల్వకుర్తి దగ్గరే తప్పింది. వెనక టైరు పేలింది. ఆ కొలతకు వేరే టైరు ఈ దేశంలోనే ఉండదు. చెప్పులు కుట్టే ఒకాయన లోపల తోలుపట్టీ వేసి, మైనం రాసిన దారంతో కుట్టాడు. దారం ఆరాలి, మళ్ళీ కుట్టాలి. శనివారమంతా, ఆదివారం మధ్యాహ్నం దాకా అదే పని. ధర్మశాలలో పడుకున్నాము. నల్లులు తప్ప ఏ లోటూ లేదు.

ఆదివారం డిండి దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా దొరికింది. ఎర్రమట్టి గట్టిపడి నున్నగా ఉంది. పొద్దు వాలుతోంది. నేను నడిమి మీట కింద దాకా తొక్కాను.

దీన్ని ఎట్లా చెప్పాలో తెలియదు, అయినా చెబుతాను. ముందు వీపును ఎవరో సీటుకేసి అదిమినట్టయింది. తర్వాత చప్పుడు మారింది. అప్పటిదాకా అరుస్తున్న ఇంజను గొంతు సవరించుకొని పాడటం మొదలుపెట్టింది. చక్రం నా చేతుల్లో తేలికైపోయింది. రోడ్డు మీది ప్రతి రాయి అరచేతికి తెలుస్తోంది. కారు ఎటు పోవాలనుకున్నానో అటు నేను అనుకోకముందే పోతోంది. ఆ నిమిషాన నాకు అప్పులు లేవు, షెడ్డు లేదు, పెళ్ళి కూడా కాలేదు! నోటినిండా ఆముదం పొగ, కళ్ళనిండా నీళ్ళు. చిన్నపిల్లవాడిలా కేకలు వేశాను. పక్కన సాయన్న తల వంచుకొని పంపు కొడుతున్నాడు. ఎడమ మోచేయి పొగగొట్టానికి తగలకుండా పొట్టకు ఆనించుకున్నాడు. వేగంగా పోతే ఈ ఇంజను ఆముదాన్ని విపరీతంగా కాలుస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ పూట గుర్తు చేసుకోలేదు.

దేవరకొండకు కొంచెం ఇవతల గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఈసారి సరైన మీటే తొక్కాను. మంద తోలుకొని దూరం పోతున్న కురుమ కుటుంబం అది. ముసలాయన, అతని భార్య, పసిబిడ్డతో కోడలు. ముసలామె కారును చూడనే లేదు. ముక్కు ఎగబీల్చి అడిగింది.

"గీ ఆముదం వాసన యాడికెల్లి వస్తున్నదయ్యా? మా కోడలు పచ్చి బాలింత. ఆముదం ఒడిసి ఐదొద్దులాయె. పొల్లకు మాడుకు పెడ్దమన్న సుక్క లేదు."

సాయన్న దిగి రెండో డబ్బా ఆమె ముందు పెట్టాడు. కొంచెం పోస్తాడనుకున్నాను. ఆమె దగ్గర గిన్నె చిన్నది. డబ్బాకు డబ్బా ఇచ్చేశాడు.

"సాయన్నా, మనకో?" అన్నాను.

"నల్లగొండల గానుగలున్నయ్ ఉస్తాద్. ఫికర్ జెయ్యకు. రేపొద్దుగాల పచ్చి ఆముదం పట్టుకుందం. బాలింత అడిగినంక లేదంటమా?"

ముసలాయన కారు ముందుభాగం మీద చెయ్యి వేసి, చురుక్కుమని తీసేశాడు. "గిదిగూడ బాలింతేనా? ఒళ్ళు కాలిపోతాంది," అన్నాడు. అందరం నవ్వాము. ఆ రాత్రి దేవరకొండలో ఉండిపోయాము.

సోమవారం ఎనిమిదింటికల్లా నల్లగొండలో గానుగ ముందు ఉన్నాము. ఎద్దు పక్కన గడ్డి నములుతోంది. నుదుట విభూతి, పసుపు బొట్టు. గానుగ తుడిచి, పువ్వులు పెట్టి ఉంది. అది చూడగానే సాయన్న నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో, సోమారం! కల్వకుర్తిల దినాలు మర్సిన ఉస్తాద్. ఇంక ఐతారమే అనుకున్న."

సోమవారం శివుని రోజు. ఆ రోజు గాండ్లవారు ఎద్దును గానుగకు కట్టరు. మా జిల్లాలోనూ అంతే, నాకూ తెలిసి ఉండవలసింది. నిల్వ ఏమన్నా ఉందా అని అడిగితే గానుగ ఆయన చేతులు తిప్పాడు. "నిన్న అంగట్ల ఒడిసిపాయె. రేపు తెల్లారకముందు కడ్త, పొద్దు వొడిచేసరికి చేతుల పెడ్త. ఇయ్యాల మాత్రం లచ్చ రూపాలిచ్చినా కట్ట. నోరులేని జీవి, దానికి దొరికేదే గదొక్క దినం." ఊళ్ళో మరో రెండు గానుగలు చూశాము. అక్కడా అంతే. దుకాణంలో దొరికింది వంటాముదం. చెంచాలో వేసి కాస్తే చిటపటమంది. వద్దనుకున్నాము.

ఒక్క రోజు ఆగితే సరిపోయేది. కానీ సేటు షరతు సోమవారం సాయంత్రం. బేరం తప్పితే ఆ గుడ్డి దొరకు ఏం సమాధానం చెప్పాలి? ఇంజన్లో ఆముదం ఎంత మిగిలిందో కొలపుల్ల ముంచి చూశాను. మెల్లగా పోతే పట్నం దాకా చాలుతుంది. వేగంగా పోతే దారిలోనే ఆముదం చాలక ఇంజను బిగుసుకొని పట్టేస్తుంది.

నార్కట్‌పల్లిలో తారు రోడ్డు ఎక్కగానే కారు పక్కకు ఆపాను. ఎదురుగా నల్లటి రోడ్డు, ఎక్కడా వంపు లేదు. సీటు దిగి నిలబడ్డాను.

"కూసో సాయన్నా. మెల్లగనే నడుపు. నడిపినట్టయితది."

అతను దిగి కుడివైపుకు వచ్చాడు. చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలతో సీటు దులిపాడు. చక్రం మీద చెయ్యి పెట్టాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"వద్దు ఉస్తాద్."

"ఏమాయె?"

"మెల్లగ నడపనీకె పెద్ద కారు సాలదా? గీ సీట్ల కూసుంటె నా కాలు నా మాట ఇనది. ఇరవై ఏండ్లు ఆపుకున్న కాలు. నా కడుపు సల్లవడనీకె దీని పానం దీస్తనా? ఇంజన్ నా చేతుల మీద పెరిగింది. సేటుకు మోటర్ల ఎరుక లేదంటున్నరు గద, ఎవల్నన్న పెట్టుకోవాలె. కాళ్ళు మొక్కి ఆడనే ఉంట. ఇయ్యాల గాకపోతె రేపు నడుపుత."

నేను ఇంకొకసారి అడిగాను. మూడోసారి కూడా అడగవలసింది. అప్పటికే అతను ఎడమ సీటులో కూర్చొని పంపు పట్టుకున్నాడు.

అక్కడి నుంచి మా ఊరేగింపు చూడవలసిందే. పందెం కారు సైకిలువాళ్ళతో సమానంగా పోతోంది. బెజవాడ బస్సు మమ్మల్ని దాటిపోతూ హారన్ కొట్టింది, కిటికీల్లోంచి జనం చేతులూపి ఎగతాళి చేశారు. ఇంజను మెల్లగా పోవడానికి పుట్టలేదు. దగ్గుతుంది, వేడెక్కుతుంది, నిలబడి చల్లారాలి. చౌటుప్పల్‌లో చాయ్ తాగాము. ఈ దారిలో తాగదగ్గ చాయ్ అదొక్కటే.

"గింత నిమ్మలంగ పోయే కారు కొని ఏం లాభం?" అని అడిగాడు హోటలాయన.

సాయన్నకు కోపం వచ్చింది. "నిమ్మలంగ పోతున్నది కారు గాదు, మేము," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు సేటు కాంపౌండు చేరాము. సేటు లేడు. కాపలావాడు గేటు తీశాడు. "సేటు రేపు పగటికి వస్తడు. మీరు రేపొచ్చినా నడుస్తుండె," అన్నాడు తాపీగా. నేను సాయన్న వైపు చూడలేకపోయాను. అతను మాత్రం ఇంజను మీద తువ్వాల కప్పి, దాని పక్కనే పడుకున్నాడు.

మంగళవారం పన్నెండింటికి సేటు వచ్చాడు. మర్యాదస్తుడే. మాకు అన్నం పెట్టించాడు. కారు చుట్టూ తిరిగి రంగు గీకి చూశాడు, సీట్ల తోలు నొక్కి చూశాడు. నేను ఇంజను తెరిచి చూపిస్తానంటే వద్దన్నాడు.

"ఇంజన్ చూసి ఏం చేస్తం? తీసేస్తున్నం. ఆముదం వాసనకు మా పిల్లగాడు ఎక్కనే ఎక్కడు. దీనికి సామాన్లు ఏడ దొరుకుతయ్? మిల్ట్రీ వేలంల కొన్న జీపు ఇంజన్ ఉంది, అది పెట్టిస్తున్నం. పైన డొల్ల బాగుంటె చాలు."

"మరి గీ ఇంజను సేటూ?" అన్నాడు సాయన్న.

"తుక్కు కింద కాటాకేస్తం. మంచి లోహం, బరువుంటది."

ఆ కాంపౌండులో పని అడుగుదామని వచ్చిన సాయన్న చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. అడగలేదు. ఇంజను మీది తన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం కాచిగూడలో పాసింజరు ఎక్కాము. మూడో తరగతి, కిటికీ పక్క సీటు అతనికి ఇచ్చాను. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమ్మ మా బట్టల వాసన చూసి, ఇంట్లో కాన్పు ఎవరికయిందని అడిగింది. నేను ఏదో చెప్పాను. షాద్‌నగర్ వచ్చింది. అక్కడ బండి నీళ్ళు పట్టుకుంటుంటే సాయన్న అన్నాడు.

"గీ ముచ్చట నిన్న తెలిస్తె నార్కట్‌పల్లి కాణ్నుంచి నేనే నడిపేటోన్ని ఉస్తాద్. కింద దాక తొక్కేటోన్ని. పట్టేస్తె పట్టేయనీ. కాటాకు పోయేదాన్ని గంత కాపాడితి."

నాకు ఏడుపు వచ్చింది. డిండి రోడ్డు మీద నా సంతోషానికి నేను కాల్చిన ఆముదం ఉంటే, అతని ముచ్చట తీరేది. అదే మాట అన్నాను. అతను వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఈ దారిన పోదలచినవారికి చెప్పగలిగినవి ఇవి. కల్వకుర్తిలో టైర్లు బాగా కుడతారు. డిండి తర్వాత రోడ్డు బాగుంటుంది. నల్లగొండకు సోమవారం పోకండి. తారు రోడ్డు సంగతి నేను చెప్పలేను, దాన్ని నేను సైకిలు వేగంతో చూశాను.

జడ్చర్ల వస్తోంది. సాయన్న అక్కడ దిగి బస్సు పట్టుకోవాలి. సంచి చేతిలోకి తీసుకొని నా వైపు వంగాడు.

"ఉస్తాద్, డిండి దాటినంక చిన్నపోరని లెక్క ఒర్లినవ్ సూడు. గప్పుడు ఎట్లుండె? గా సీట్ల ఎట్లుంటది?"

"పక్కన కూసున్నట్టే ఉంటది సాయన్నా. ఏం ఫరక్ లేదు."

"గంతేనా?"

"గంతే."

బండి ఆగింది. అతను నా మొహంలోకి చూశాడు.

"అబద్దమాడొస్తలేదు నీకు," అన్నాడు. నా భుజం తట్టి దిగిపోయాడు.